నాలుగు సెకన్ల హాజరు

పాన్‌గ్యోలో పదకొండో అంతస్తు.
కిటికీకి అవతల మంచు, ఇవతల చల్లారిన బార్లీ టీ.
నేను మంత్రాలు రాసి బతుకుతాను.

దీపస్తంభం లోపల నడిచే బడి మాది,
మొత్తం అరచేతిలో పడుతుంది.
నల్లబల్లకి జలుబు చేసిన రోజు
పాఠమంతా తుమ్ములతో సాగుతుంది.
వెనక బెంచీ కింద, ఎవరూ ఊడవని మూల
ఒక బుల్లి సముద్రం ఉంటుంది.
ఇవన్నీ నా కల్పనలే.
శక్తి అయిపోతే అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి.
అది మాత్రం నేను కల్పించలేదు.

మొదటి అధ్యాయం హాజరుతో మొదలవుతుంది.
పంతులమ్మ పేరు పిలుస్తుంది.
ఏ పేరైనా పలకగలిగే గొంతు ఆమెకి కొనిపెట్టాం.
"ఉన్నానండీ" మీద వేలు పెడితే
నీ ముందు కొవ్వొత్తి తనంతట తనే వెలుగుతుంది.
నాలుగు సెకన్లే.
దాటితే ఆమె ఇంకో పేరుకి వెళ్ళిపోతుంది,
నువ్వు చీకట్లో కూర్చుని పాఠం వింటావు.

ఆ చలికాలం లెక్కల పట్టీలో ఒక వరస కనిపించింది.
పేరు మల్జా.
వేళ, తెల్లవారుజామున మూడూ నాలుగూ మధ్య.
హాజరు ఘట్టం రెండువందల పన్నెండుసార్లు.
వెలిగిన కొవ్వొత్తులు మూడు.
వెలిగినప్పుడు కూడా ముందుకు పోలేదు,
మళ్ళీ మొదటికే వచ్చి కూర్చుంది.

"రోబో అయ్యుంటుంది, తీసెయ్" అన్నాడు ప్యో గారు.
రోబో ఇన్నిసార్లు ఓడిపోదు కదా అన్నాను.
ఆయన నా వంక చూసి టీ తాగాడు.

మల్ అంటే కొస.
వరసగా ఆడపిల్లలే పుట్టిన ఇంట్లో
ఆఖరిదానికి, ఇక చాలు దేవుడా అని పెట్టే పేరు.
పిలిచిన ప్రతిసారీ తలుపు వేసుకున్న చప్పుడు.
ఈ కాలంలో ఆ పేరు ఎవరూ పెట్టరు.
ఆటలో అయితే అసలే పెట్టుకోరు.
ఆటలో అందరూ వెన్నెలలు, మెరుపులు, మంచుపులులు.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది, ఫిర్యాదుల పెట్టెలోకి,
మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేకుండా:

"అమ్మా మీరెవరో గానీ
పేరు పిలిచాక కాస్త ఆగమనండి ఆవిడని.
బూసాన్ రేవులో రాత్రంతా చేపలు ఏరుతాం,
పెద్దవి ఒక పెట్టెలోకి, చిన్నవి ఒక పెట్టెలోకి.
చేతికి రెండేసి తొడుగులు, లోపల నూలుది, పైన రబ్బరుది.
అవి లాగి, వేలు తుడుచుకుని, ఊది వెచ్చచేసుకునేలోగా
పక్కపిల్ల పేరు పిలిచేస్తోంది.
తడివేలు ఫోనుకి ఆనదు.
డ్రాగన్ నాకొద్దు. నాణేలు కూడా ఒద్దు.
ఆవిడ ఆ పేరు
బాగా పిలుస్తుంది."

పది సెకన్లు అడిగాను.
పిల్లలు విసుగెత్తి పారిపోతారు అన్నాడు ప్యో గారు.
ఎనిమిది అన్నాను. తల అడ్డంగా ఊపాడు.
చేపల వేలంలోనూ ఇలాగే అరుచుకుంటారేమో.
చివరికి తెగిన బేరం ఇది:
మూడింటి నుంచి నాలుగింటి దాకా, ఆ ఒక్క గంట,
పంతులమ్మ పేరు పిలిచి
కళ్ళజోడు తీసి, పైట చెంగుతో తుడుచుకుని,
మళ్ళీ పెట్టుకునేదాకా ఆగుతుంది.
(మా పంతులమ్మకి పైట లేదు. శాలువా ఉంది.
రాసేటప్పుడు నాకలా అనిపించింది, అంతే.)

నిన్న రాత్రి ఇంటికి వెళ్ళలేదు.
మూడూ ఇరవైరెండుకి మల్జా వచ్చింది.
ఒకటి. రెండు. నాలుగు దాటింది.
ఏడు.
తొమ్మిదో సెకనుకి
నా తెర మీద, పట్టీలో, సున్నా ఉండే చోట
ఒకటి పడింది.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
పెట్టెలు వచ్చి ఉంటాయి.
నాలుగు కావస్తుండగా
ఆమె మొదటిసారి రెండో పాఠం తలుపు తోసింది.

రెండో పాఠానికి ఆలస్యంగా వచ్చినవాళ్ళని
పంతులమ్మ మందలించే వాక్యం ఒకటి
రెండేళ్ళ కిందట సరదాకి రాశాను.
ఏ ఫైల్లో పెట్టానో గుర్తులేదు.
వెతుకుతున్నాను.